ఆర్డిస్ సంతకం లేని తొమ్మిది బ్యాలెట్లు

మా మోర్లాండ్ ఫాల్స్‌లో ఆర్డిస్ బ్రెక్కిని భయపెట్టనిది ఒక్కటే ఉండేది, ఓటింగు బల్ల. మిగతావన్నీ ఆవిడకు భయమే. ఉరుమంటే భయం. నది మీది వంతెనంటే భయం. దాని మీద కారు నడపదు, రైలుపట్టాల పక్క దారిన రెండు మైళ్లు చుట్టు తిరిగి వెళ్తుంది. హాస్కిన్సుల కుక్కంటే మరీ భయం. ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య నాలుగిళ్లే, అందులో ఒకటి హాస్కిన్సులది. అందుకని మా ఇంటికి రావాలంటే వెనక వీధిలోంచి చుట్టుకుని వచ్చేది. పొద్దుపోయాక ఫోను మోగితే ఎత్తదు. "మంచి వార్తయితే పొద్దున్న దాకా ఉంటుంది మార్విన్, చెడ్డదైతే దానికి తొందరేమిటి?" అనేది.

ముప్పై మూడేళ్లు బడి వంటగదిలో పనిచేసింది. మా ఊళ్లో నలభై దాటినవాళ్లలో ఆవిడ గరిటెతో వడ్డించిన బంగాళాదుంప ముద్ద తిననివాళ్లు లేరు. ఎవరికి పాలు పడవో, ఎవరు బఠాణీలు జేబులో దాచి బయట పారబోసేవారో ఇప్పటికీ పేరుపేరునా చెప్పగలదు. మేయరు గానీ, పోలీసు గానీ, ఆవిడ కంటికి పళ్లెం పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లాడే. ఈ భయమంతా కాగితం మిల్లు పెట్టిన భిక్ష. ఆవిడ భర్త ఆర్వ్ అక్కడ కాగితం ఆరబెట్టే రోలర్ల దగ్గర పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం మిల్లు కూత వేళ కాని వేళ మోగింది. పిల్లలకు సూపు పోస్తున్న గరిటె చేతిలో ఉండగానే ఆర్డిస్ బడి నుంచి మిల్లు దాకా పరిగెత్తింది. అప్పటికే అంతా అయిపోయింది. ఆ తర్వాత ఆవిడకు ఏ కూతా మామూలు కూత కాలేదు.

ఇక నేను. నా పేరు మార్విన్ టెష్కీ. ముప్పై ఏళ్లు పల్లంలో ఉత్తరాలు పంచాను. నాలుగు కుక్కలు కరిచాయి, రెండుసార్లు మంచు మీద జారి కాలు విరిగింది. ఆ కారణంగా నేను ధైర్యస్తుణ్ణని ఒక అభిప్రాయం పెట్టుకున్నాను. ఈ ఏప్రిల్ దాకా అది అలాగే ఉంది.

పల్లమంటే నాలుగో వార్డు, నది ఒడ్డున మిల్లు కింద ఉన్న ఇళ్లు. గట్టంటే డాక్టర్లు, లాయర్లు ఉండే పై వార్డులు. మా మేయరు ఎన్నికల్లో పార్టీ పేర్లుండవు. వాటితో పనీ లేదు. పల్లంవాళ్లు మిల్లు మనిషికి వేస్తారు, గట్టువాళ్లు ఇంకొకరికి వేస్తారు, నలభై ఏళ్లుగా జరుగుతున్నది అదే. మిల్లు మూతపడి పద్నాలుగేళ్లయినా ఈ లెక్క మారలేదు. ఏ ఇంటికి ఏ కరపత్రం వస్తుందో, ఏది విప్పకుండానే చెత్తబుట్టలో పడుతుందో ఉత్తరాలు పంచేవాడికి తెలియకుండా ఉండదు. నన్నడిగితే ఎన్నికకు ముందు రోజే మా వార్డు ఫలితం పదోట్ల తేడాతో చెప్పేసేవాణ్ణి.

ఈసారి మిల్లు మనిషి కర్ట్ డ్వోరాక్, ఒకప్పుడు అక్కడ మేస్త్రీ. మిల్లు మళ్లీ తెరిపిస్తానని నాలుగో ఎన్నికలో నాలుగోసారి చెబుతున్నాడు. గట్టు మనిషి పామెలా స్ట్రాండ్, పశువుల డాక్టరు. ఆవిడ మిల్లు ఊసెత్తలేదు. పల్లంలో వాననీటి గొట్టాలు కొత్తవి వేయిస్తానంది, అంతే. గట్టిగా నాలుగు చినుకులు పడితే మా నేలమాళిగల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. బట్టలు ఉతికే మిషన్లు తేలిపోతాయి. అయినా ఆ మాట పైకి అనడం మా పల్లంలో సొంత అన్నను తిట్టినంత తప్పు.

ఓటింగు నది అవతల మా లూథరన్ చర్చి కింది హాల్లో. ఆర్డిస్ అక్కడ ముప్పై ఒక్క ఏళ్లుగా పెద్ద ఇన్‌స్పెక్టరు, నేను ఆవిడ పక్కన పదకొండేళ్లుగా. పద్ధతి ఏమిటంటే, ఓటరు వచ్చి పేరూ అడ్రసూ పైకి చెప్పాలి. పుస్తకంలో పేరు పక్కన వరస నెంబరు వేస్తాం. తర్వాత బ్యాలెట్ వెనక ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు పొట్టి సంతకాలు పెట్టి చేతికిస్తాం. ఒక్క సంతకమే ఉంటే ఆ బ్యాలెట్ సగం అనాథ. లెక్కలో తేడా రానంత కాలం దాన్ని ఎవరూ పట్టించుకోరు. తేడా వస్తే ముందు బలయ్యేది అదే.

నాకొక దురలవాటు ఉంది. పొద్దున్నే కాఫీ తాగుతూ ఒక కట్ట బ్యాలెట్ల మీద ముందుగానే నా సంతకం పెట్టి పేర్చుకుంటాను. ప్రతి ఎన్నికకూ ఆర్డిస్ అది పట్టుకుంటుంది.

"మార్విన్, ఏమిటవి?"

"రద్దీ వేళకి కాస్త సులువుగా ఉంటుందని."

"మనిషి ఎదుటికి రాకుండా సంతకమేమిటి? వరసలో పిల్లాడే లేడు, నువ్వు పళ్లెం నింపేశావు."

"యాభయ్యేలే ఆర్డిస్."

"అయితే తప్పు యాభై రెట్లు."

నేను నవ్వేసి ఆ కట్టను అడుగుకు తోసేవాణ్ణి. వార్డంతటికీ తెలిసిన వేళాకోళమే అది. ఈసారీ అలాగే జరిగింది. ఆవిడ తిట్టింది, నేను తోశాను, తను చేసి తెచ్చిన పుల్లటి రూబార్బ్ కాడల కేకు ముక్క నా ముందు పెట్టింది.

పది గంటలకు లైల్ గ్రూబర్ వచ్చాడు. కర్ట్‌కు బావమరిది. పరిశీలకుడిగా పేరు రాయించుకుని, నేల మీద పసుపు టేపు గీత అవతల నిలబడి, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. అది అతని హక్కు. ఎవరైనా పేరూ అడ్రసూ చెప్పడం, అతను రాసుకోవడం. ఇంకేమీ చేయలేదు. ఎవర్నీ పలకరించలేదు. మామూలుగా మా పల్లంవాళ్లు అడ్రసు చెబితే పైన చర్చిలో వినపడుతుంది. ఆ రోజు ఒక్కొక్కరి గొంతు తగ్గుతూ వచ్చింది. మధ్యాహ్నానికి మనుషులు బల్ల మీదికి వంగి ఇంటి నెంబరు చెప్పడం మొదలుపెట్టారు. లైల్ మాత్రం ఓపిగ్గా, "కాస్త గట్టిగా, వినపడలేదు," అనేవాడు.

సాయంత్రం అయిదు దాటాక, పనులనుంచి జనం వచ్చే ముందు కాస్త ఖాళీ దొరికింది. లైల్ గీత దాటి మా బల్ల వెనక్కి వచ్చాడు. ఆర్డిస్ భుజం మీదుగా వంగాడు. నేను పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను.

"మిసెస్ బ్రెక్కి, మీరు ఇప్పటికీ వంతెన మీద కారు నడపరా?"

"నడపను లైల్," అందావిడ.

"అయితే పట్టాల పక్క దారినే ఇంటికెళ్తారన్నమాట. ఎనిమిదింటికి మూసి, లెక్క అప్పజెప్పేసరికి బాగా చీకటి పడుతుంది. ఆ దారిలో దీపాలు లేవు. జాగ్రత్తగా వెళ్లండి."

అంతే. మళ్లీ గీత అవతలికి వెళ్లి నిలబడ్డాడు. ఏ పోలీసుకు చెప్పినా, పెద్దావిడను జాగ్రత్తగా వెళ్లమన్నాడు, తప్పేమిటి అంటాడు. ఆర్డిస్ కలం బల్ల మీద పెట్టింది. అది దొర్లి కింద పడింది. "ఒక్క నిమిషం మార్విన్," అని చర్చి వంటగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఒక్క నిమిషం కాస్తా పావుగంటయింది. అప్పుడే జనం వచ్చారు. పేర్ల పుస్తకం దగ్గర కూర్చున్న మూడో ఇన్‌స్పెక్టరు బార్బ్‌ను పిలిచి రెండో సంతకం పెట్టించవచ్చు. పిలిస్తే, ఆర్డిస్ ఎందుకు లేచిపోయిందని అడుగుతుంది. నేను చెప్పాలి. లైల్ అక్కడే పుస్తకం పట్టుకుని నన్నే చూస్తున్నాడు. నేను తల దించుకుని, అడుగున తోసిన కట్టలోంచి బ్యాలెట్లు తీసి, ఒక్క సంతకంతోనే ఒక్కొక్కరికీ ఇచ్చేశాను. తొమ్మిది మంది. తొమ్మిది మంది పేర్లూ, ఇంటి నెంబర్లూ ఇప్పుడడిగినా చెబుతాను. ఆ కంగారులోనే బార్బ్ ఒకరి పేరు పక్కన నెంబరు వేయడం మరిచిపోయింది.

ఆర్డిస్ మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. "ఎవరైనా వచ్చారా?" అంది. "ఇద్దరు ముగ్గురు," అన్నాను. ఆ రాత్రి ఆవిడ కారు వెనకే నా కారు నడుపుకుంటూ పట్టాల దారిన ఇంటి దాకా వెళ్లాను. దానికే నన్ను నేను మెచ్చుకున్నాను.

ఫలితం వచ్చింది. ఊరు మొత్తం మీద పామెలా స్ట్రాండ్ ఆరు ఓట్లతో గెలిచింది. గట్టు ఎటు వేసిందో అందరికీ తెలుసు. నివ్వెరపోయేలా చేసింది నాలుగో వార్డు. నలభై ఏళ్లలో మొదటిసారి పల్లం మిల్లు మనిషిని కాదంది, ముప్పై ఎనిమిది ఓట్ల తేడాతో.

ఆ శుక్రవారం స్టాన్ బార్‌లో, చేపల వేపుడు తింటూ, ప్రతి మనిషీ కర్ట్‌కే వేశానని ప్రమాణం చేశాడు. నేనూ చేశాను. మా నేలమాళిగలో ఈ శీతాకాలమే కొత్త నీటిపంపు కొన్నవాణ్ణి, బ్యాలెట్ మీద పామెలా పేరు పక్కన గుండ్రాన్ని నల్లగా నింపినవాణ్ణి, బ్రాందీ గ్లాసు ఎత్తి, "మనవాళ్లు మనకి కాకుండా పోతారా?" అన్నాను. ఎదుటివాడూ అదే అన్నాడు. వాడి కళ్లలోకి చూశాను, వాడు నా కళ్లలోకి చూశాడు. ఇద్దరం చేప ముక్క మీదికి వంగాం. అందరూ కర్ట్‌కే వేస్తే ఆ ఓట్లు ఎక్కడివి? ఎవరో కలిపి ఉండాలి. పక్కవాణ్ణి అనుమానించడం కన్నా ఓటింగు బల్లను అనుమానించడం తేలిక. ఆ సాయంత్రం ఆర్డిస్ పేరు మొదట ఎవరన్నారో నాకు గుర్తు లేదు. కాదన్నవాడు మాత్రం ఎవడూ లేడు.

కర్ట్ మళ్లీ లెక్కించమన్నాడు. సిటీ హాలు పెద్ద గదిలో, యాభై మంది చూస్తుండగా, సిటీ క్లర్కు జేనెట్ వాస్ నాలుగో వార్డు సంచి విప్పింది. పుస్తకంలో ఓటర్లు ఆరువందల పదకొండు. బ్యాలెట్లు ఆరువందల పన్నెండు. వెనక్కి తిప్పి చూస్తే తొమ్మిదింటి మీద నా సంతకం ఒక్కటే ఉంది. ఎక్కువైన ఒక్కదాని కోసం, చట్టం ప్రకారం ఆ తొమ్మిదీ ఒక డబ్బాలో వేసి, కళ్లు మూసుకుని ఒకటి తీసి పక్కన పారేయాలి. అది ఎవరిదైనా గెలుపు మారదు, ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. అక్కడ ఊగిసలాడుతున్నది మేయరు కుర్చీ కాదు, ఆర్డిస్ పేరు. కర్ట్ లాయరు ఆ తొమ్మిదింటినీ విసనకర్రలా పట్టుకుని ఊపుతూ, ఇవి ఓటర్లు లేకుండా దొంగగా కలిపినవన్నాడు. పెద్ద ఇన్‌స్పెక్టరు తప్ప వాటి దగ్గరకి వెళ్లగలిగినవాళ్లు ఎవరున్నారని అడిగాడు. పుస్తకంలో తేడా ఒక్కటే కదా, తొమ్మిది ఎలా కలిశాయని అడిగేవాడు ఆ గదిలో లేడు.

జేనెట్ నావైపు తిరిగింది. "మార్విన్, ఇది నీ సంతకమేనా?"

"నాదే."

"వీటిని ఓటర్లకి నువ్వే ఇచ్చావా?"

ఒక్క ముక్క చాలు. ఔను, నేనే ఇచ్చాను, ఫలానా ఫలానా వాళ్లకు ఇచ్చాను. లైల్ గోడకానుకుని నిలబడ్డాడు, చేతిలో అదే పుస్తకం. "నేను పొద్దున్నే కొన్నిటి మీద సంతకం పెట్టి ఉంచుతాను. అందరికీ తెలిసిందే. ఎవరిచ్చారో చెప్పలేను," అన్నాను. వెనకాల ఎవరో నవ్వారు. నా వేళాకోళం నన్ను కాపాడింది.

జేనెట్ ఆర్డిస్‌ను అడిగింది. "మీ సంతకం ఎందుకు లేదు?"

ఆర్డిస్ నిలబడింది. ఆవిడ కోటు గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టి ఉన్నాయి. "నేను బల్ల వదిలి లేచాను. పావుగంట వంటగదిలో కూర్చున్నాను. తప్పు నాది."

"ఎందుకు లేచారు?"

"భయమేసింది."

"దేనికి?"

ఆవిడ లైల్ వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. "నాకు అన్నిటికీ భయమే జేనెట్. ఊరందరికీ తెలుసుగా," అంది. గది అంతా నవ్వింది.

"మీరు లేనప్పుడు బ్యాలెట్లు ఎవరిచ్చారు?"

నలభై ఏళ్ల కిందట ఏ పిల్లాడికి పాలు పడలేదో చెప్పగలిగే మనిషి, "గుర్తు లేదు," అంది.

డబ్బాలోంచి ఒక బ్యాలెట్ తీశారు. గుండ్రం నింపకుండా, చుట్టూ వణుకుతూ గీత గీసి ఉంది. ఆ తొమ్మిది మందిలో తొంభై దాటిన ఆవిడ ఒకరున్నారు, ఆక్సిజన్ గొట్టంతో వచ్చారు. ఆ గీత ఆవిడదేనని నాకు తెలిసిపోయింది. ఎవరికి వేసిందో చెప్పను. దాన్ని పక్కన పారేసినా అది ఆవిడ సొత్తే. పామెలా గెలుపు నిలిచింది. ఆర్డిస్ మాత్రం ఆ గదిలోంచి దొంగలా బయటికి నడిచింది. మెట్ల మీద ఎవరూ పక్కకి తప్పుకోలేదు.

మర్నాటి పొద్దున ఆవిడ వీధి తలుపు మీద ఒక స్టిక్కరు ఉంది. ఓటేసినవాళ్లకు మేమిచ్చే గుండ్రటి స్టిక్కరే, "నేను ఓటేశాను" అని. ఆర్డిస్ పీకేసింది. రెండో రోజు రెండున్నాయి. మూడో రోజు మూడు. నీట్‌గా, ఒకదాని పక్కన ఒకటి, కొలబద్ద పెట్టి అంటించినట్టు. పోలీసు వచ్చి చూసి తల గోక్కున్నాడు. "స్టిక్కరు అంటించడం నేరం కాదు మిసెస్ బ్రెక్కి. చిన్నప్పుడు మీరు మాకు పెట్టిన శిక్షల ముందు ఇదెంత?" అని నవ్వించబోయాడు. ఆవిడ నవ్వలేదు.

ఏడో రోజు నేను వెళ్లాను. ఆ ఏడు రోజుల్లో నేను వెళ్లడం అదే మొదలు. ముందు గది కిటికీ తెరలు మూసి, అంచులు గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. తలుపుకు అడ్డంగా కుర్చీ. నేను పేరు చెప్పాక కూడా, "వెనక తలుపు వైపు రా," అంది. వంటగదిలో దీపం వేయలేదు. బల్ల మీద సగం సర్దిన పెట్టె. చెల్లెలి ఊరికి వెళ్లిపోతానంది.

"ఎన్నాళ్లు?"

"ఇల్లు అమ్మకానికి పెట్టమని చెప్పాను." కాఫీ పోసింది, సాసర్లోనే ఎక్కువ పడింది. "ఇవాళ ఏడు. అవి తొమ్మిది బ్యాలెట్లు కదా, తొమ్మిది దాకా అంటిస్తారు. నాకు అర్థం కానిది పదో రోజు మార్విన్. పదో రోజు ఏం చేస్తారు?"

అప్పటికి ఆవిడ రెండు రాత్రులుగా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. సింకు దగ్గర చెంచా జారినా ఉలిక్కిపడుతోంది. నేను కాఫీ చల్లారేదాకా తిప్పి, చివరికి అడిగేశాను.

"నేనిచ్చానని ఎందుకు చెప్పలేదు ఆర్డిస్?"

"నీ చేతులు చూశాను," అంది. "జేనెట్ నిన్ను అడుగుతుంటే బల్ల కింద నీ రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకున్నావు. ఆగడం లేదు. ఆ వణుకు నాకు తెలుసు మార్విన్, నలభై ఏళ్లుగా నా ఒంట్లో ఉన్నదేగా. ఒక మనిషిని అందులో ఒంటరిగా నిలబెట్టబుద్ధి కాలేదు."

నన్ను తిట్టి ఉంటే బావుండేది. కప్పు సింకులో పెట్టి, వెనక తలుపులోంచే ఇంటికి వచ్చేశాను. ఎనిమిదో రోజంతా సిగ్గుతోనే గడిచింది. కిటికీ దగ్గర నిలబడి ఆవిడ తలుపు వంక చూస్తూ, ఎవరైనా ఏదైనా చేస్తే బావుండునని ఎదురు చూశాను. ఎవరైనా అంటే నేను కాకుండా ఇంకెవరైనా అని అర్థం.

తొమ్మిదో రోజు శుక్రవారం. ఆ పొద్దున ఆవిడ తలుపు మీద తొమ్మిది ఉన్నాయి. సాయంత్రం వెలుగుండగానే స్టాన్ బార్‌కి వెళ్లాను. పల్లం అంతా అక్కడే ఉంది. చేప, బంగాళాదుంప అట్లు, క్యాబేజీ. కర్ట్ రాలేదు. లైల్ మూల బల్ల దగ్గర పెళ్లాంతో కూర్చుని ఉన్నాడు. నేను రెండు ముక్కలు తిన్నాను. కుర్చీ వెనక్కి జరిపి లేచాను. మాటలు ఎలా మొదలుపెట్టాలో తెలియక, పదకొండేళ్లుగా వింటున్న మాటలతోనే మొదలుపెట్టాను.

"మార్విన్ టెష్కీ. మూడు వందల పన్నెండు, ఫౌండ్రీ వీధి."

బార్ సద్దుమణిగింది. "ఏం మార్వ్, ఇక్కడ కూడా ఓటు వేస్తావా?" అన్నాడు ఎవడో.

"ఆ తొమ్మిది బ్యాలెట్లూ ఇచ్చింది నేను," అన్నాను. "తొమ్మిది మందీ మీకు తెలిసినవాళ్లే, కొందరు ఇక్కడే ఉన్నారు. ఆర్డిస్ వంటగదిలో ఉంది. ఎందుకుందంటే, ఇంటికెళ్లే దారిలో దీపాలు లేవని లైల్ ఆవిడకి చెప్పాడు. నేను విన్నాను. విని ఊరుకున్నాను. సిటీ హాల్లో అబద్ధం చెప్పాను. సోమవారం వెళ్లి జేనెట్‌కి నిజం రాసిస్తాను." ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. "ఆ ముప్పై ఎనిమిది ఓట్లూ ఎక్కడివని అడుగుతున్నారుగా. నేను పామెలా స్ట్రాండుకి వేశాను. నా మాళిగలో నీళ్లున్నాయి."

ఫోర్కులు పళ్లేల మీదే ఆగిపోయాయి. ముప్పై ఏళ్లు నా చేతిమీదుగా ఉత్తరాలు అందుకున్న మొహాల్లో ఒక్కటి కూడా నావైపు లేదు. స్టాన్ కౌంటరు వెనకనుంచి, "కూర్చో మార్వ్, చేప చల్లారుతోంది," అన్నాడు, మెల్లిగా.

లైల్ రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. జేబులోంచి పుస్తకం తీశాడు. "ఇంటి నెంబరు మళ్లీ చెప్పండి మిస్టర్ టెష్కీ," అన్నాడు, ఎప్పటిలాగే మర్యాదగా.

"మూడు వందల పన్నెండు," అన్నాను. రాసుకున్నాడు.

నేను కూర్చోలేదు. కోటు తగిలించిన మేకుల దగ్గరకి నడిచాను. కోటు వేసుకుంటున్నాను. నా పక్కన ఎవరో టోపీ వెతుక్కుంటూ, నావైపు తిరగకుండానే, "మా ఇంట్లోనూ ఇద్దరం, ఆవిడకే," అన్నాడు. మొహం చూసేలోగా తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

పదో రోజు పొద్దున్నే కిటికీలోంచి ఆర్డిస్ తలుపు చూశాను. ఖాళీగా ఉంది. గుండెల నిండా గాలి పీల్చుకుని, పేపరు తీసుకుందామని మా వీధి తలుపు తెరిచాను. కంటి ఎత్తున, సరిగ్గా మధ్యలో, ఒక స్టిక్కరు. "నేను ఓటేశాను."

అది నిజమే కదా అని నవ్వుకోవాలనుకున్నాను. మెట్టు మీద కూర్చుండిపోయాను. రాత్రి ఎవడో ఇక్కడిదాకా వచ్చాడు, నా తలుపు మీద వేలు పెట్టి నొక్కి అంటించాడు, లోపల నేను నిద్రపోతున్నాను. ఇన్నాళ్లూ ఆవిడ దీనితో ఎలా బతికిందో అప్పుడు నా ఒంటికి తెలిసింది. కుక్కలు కరవడం వేరు, ఇది వేరు.

అప్పుడే హాస్కిన్సుల కుక్క మొరగడం మొదలుపెట్టింది. ఇది ఎవణ్ణి చూసి అరుస్తోందో అని తల ఎత్తాను. ఆర్డిస్ వస్తోంది. వెనక వీధిలోంచి కాదు, ముందు దారినే. ఆ కుక్క గొలుసు బిగిసేలా ఎగురుతుంటే, కంచెకు ఈ చివర నుంచి ఆ చివరదాకా కళ్లు గట్టిగా మూసుకుని నడిచింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం. మా మెట్ల దగ్గరకి వచ్చాక గానీ కళ్లు తెరవలేదు. మొహం సున్నంలా ఉంది.

తలుపు వంక చూసింది. లెక్కపెట్టడానికి ఏముంది, ఒక్కటే.

"రాత్రి స్టాన్ ఫోను చేసి చెప్పాడు," అంది.

"నువ్వు రాత్రిపూట ఫోను ఎత్తవుగా."

"ఎత్తాను." పళ్లెం నా చేతికిచ్చి, లోపలికి నడిచి, వంటగది కుర్చీ ఒకటి హాల్లోకి ఈడ్చుకొచ్చింది. వీధి తలుపుకు ఎదురుగా వేసి, కోటు విప్పకుండానే అందులో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది, అవి వణుకుతూనే ఉన్నాయి. నావి కూడా.

"ఇవాళ ఒకటి," అంది. "ఇంకా ఎనిమిది పొద్దులున్నాయి. రోజూ వస్తాను. ఇంకో కుర్చీ తెచ్చుకో మార్విన్."